పులిగా మారిన మనిషి, తుపాకీ కావాల్సిన వెదురు: మన కొండ కథల్ని ఎలా చదవాలి?



పోస్టు కొంచెం పెద్దదే. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, సగంలో ఆపకండి. అసలు మాట చివర్లో ఉంది.

మన కొండల్లో పులిగా మారే మనుషుల కథలున్నాయి. వెదురు కర్రను తుపాకీ చేస్తానన్న స్వామి కథ ఉంది. ఆవు పడిపోయిన గుహ కథ ఉంది. చీకటి పడ్డాక గొంతు తగ్గించి చెప్పుకునే చిల్లంగి కథలున్నాయి. వీటి గురించి బయట రెండే మాటలు వింటాం. ఒకటి, "అంతా మూఢనమ్మకం, వదిలేయండి." రెండోది, "అంతా నిజమే, మన పెద్దలకు అప్పట్లో శక్తులుండేవి." హాస్టల్లో నలుగురం కూర్చుని చాలా రాత్రులు దీని మీద వాదించుకున్నాం. చివరికి తేలిందేంటంటే, ఈ రెండు మాటలూ కథ వినకుండానే తీర్పు చెప్పేస్తున్నాయి. కథ ఎవరు చెప్పారు, ఎవరు కాగితం మీద పెట్టారు, దాని వల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు అని అడిగితేనే అది చరిత్ర అవుతుంది. అలా అడిగి చూద్దామని ఈ పోస్టు.

మేం ఉండేది విశాఖపట్నం ద్వారకా నగర్‌లో. చుట్టూ కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, టిఫిన్ బళ్లు. కరెంటు పోయినా, రూమ్‌లో గోల ఎక్కువైనా పౌర గ్రంథాలయానికి పోయి కూర్చుంటాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే పాత పుస్తకంలో మన తెగ పేరు కనిపిస్తే ముందు గుండె ఉప్పొంగుతుంది. ఇంకో రెండు లైన్లు చదివాక మనల్ని ఏ మాటలతో వర్ణించారో చూసి అదే గుండె చివుక్కుమంటుంది. ఈ రెండూ పక్కన పెట్టుకునే చదవాలి, వేరే దారి లేదు.

1. కిల్లో అంటే పులి

1840ల్లో కోందుల మధ్య పనిచేసిన మాక్‌ఫెర్సన్ అనే ఇంగ్లిష్ సైనికాధికారి ఉన్నాడు. కోందుల దేవతల గురించి ఆయన రాసింది 1852లో అచ్చయింది. అందులో పులుల గురించి ఒక ముక్క ఉంది. కోందుల లెక్కలో మామూలు పులి మనిషి జోలికి రాదు. అది అడవిలో జంతువును కొట్టి, తిన్నంత తిని, మిగతాది మనిషికి వదిలేస్తుంది. ఒక రకంగా మనకు మేలు చేసేదే. మరి మనిషిని చంపిన పులి? అది మామూలు పులి కాదు. కోపం వచ్చిన దేవత పులి రూపంలో వచ్చి ఉండాలి, లేదంటే ఎవరో మనిషి పులి రూపం ఎత్తి ఉండాలి. అలా మారిన పులిని "మ్లీపా" పులి అంటారని ఆయన రాసుకున్నాడు.

ఆ తర్వాత మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. తెగల వాళ్లను నిలబెట్టి తల చుట్టుకొలత, ముక్కు వెడల్పు కొలిచినాయన ఈయనే. ఆయన రాసిన దాని ప్రకారం కోందుల నమ్మకంలో మనిషి ఒళ్లంతా పులి అయిపోదు. ప్రాణంలో సగం బయటికెళ్లి పులిలోనో, పాములోనో చేరుతుంది. శత్రువును చంపడానికి వెళ్తుంది, లేదా కడుపునిండా మాంసం తిందామని వెళ్తుంది. ఆ టైములో ఇంట్లో ఉన్న మనిషి నీరసంగా, మందంగా, ఏదీ పట్టనట్టు పడుంటాడు. అడవిలో ఆ పులిని ఎవరైనా చంపితే ఇక్కడ ఈ మనిషీ పోతాడు.

ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వుతారు. మేం మాత్రం రెండు విషయాలు గమనించాం.

మొదటిది, మనిషి తినే పులి మామూలు పులి కాదు అన్న మాట. ఈ మాటే 1944లో జిమ్ కార్బెట్ తన కుమావూ పులుల పుస్తకంలో వేరే విధంగా చెప్పాడు. పులి సహజంగా మనిషిని తినదు, గాయం తగిలి గానీ ముసలితనం వచ్చి గానీ వేటాడలేని పులే మనిషి మీద పడుతుంది అని. ప్రపంచమంతా ఆయన్ని మెచ్చుకుంది. మన పెద్దలు అదే చూశారు. తప్పు పులి జాతిది కాదు, ఈ ఒక్క పులిలోనే ఏదో తేడా ఉంది అని వాళ్లకు తెలుసు. ఆ తేడా ఏంటో చెప్పడానికి వాళ్ల దగ్గరున్న మాట "మ్లీపా". గమనింపు సరైనదే, కారణం చెప్పిన తీరు వేరు.

రెండోది, ఆ మంచాన పడ్డ మనిషి. నీరసం, మందం, ఒంట్లో ప్రాణం సగమే ఉన్నట్టు ఉండటం. ఏజెన్సీలో పుట్టిన ఎవరినైనా అడగండి, ఇది దేని లక్షణమో చెప్తారు. చలిజ్వరం. మలేరియా వచ్చిపోయిన మనిషి వారాల తరబడి అలాగే ఉంటాడు. కథ మొత్తం జ్వరంలోంచే పుట్టిందని మేం అనడం లేదు. కానీ జ్వరాల కొండల్లో ఈ కథ అంత గట్టిగా ఎందుకు నిలబడిందో అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తుంది.

ఇంకో సంగతి మన ఇంటిపేర్లలోనే ఉంది. మన్యంలో కిల్లో అంటే పులి గోత్రం. కొర్ర అంటే సూర్యుడు. వంతాల పాము, పాంగి గద్ద, గొల్లోరి కోతి, కిముడు ఎలుగుబంటి, మత్య చేప. హాజరు పట్టీలో రోజూ పిలిచే ఈ పేర్లు వట్టి పేర్లు కావు, చుట్టరికాలు. తన గోత్ర జీవిని చంపకూడదన్నది పాత కట్టుబాటు. పులితోనే చుట్టరికం ఉన్న మనుషులకు, "మనిషి పులవుతాడు" అన్న మాట బయటివాడికి వినిపించినంత వింతగా వినిపించదు. మన ధింసాలో కూడా బాగ్ ధింసా అని ఒక రకం ఉంది కదా. పులి మీదికొస్తే ఎలా తప్పించుకోవాలో ఆడి చూపించే ఆట అది. అంటే భయం, చుట్టరికం, జాగ్రత్త మూడూ ఒకే జంతువు చుట్టూ తిరుగుతున్నాయి.

అదే కాలంలో సర్కారు ఏం చేసింది? పులిని చంపి చూపిస్తే డబ్బులిచ్చింది. 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్లలో బ్రిటిష్ ఇండియాలో 80 వేలకు పైగా పులుల్ని చంపారని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క తేల్చారు. ప్రతి పులినీ శత్రువుగా చూసింది ఎవరో, ఒక్క మ్లీపా పులినే తప్పుబట్టింది ఎవరో ఇప్పుడు మీరే చెప్పండి. 2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు ఒక్క పులి తిరిగి, తర్వాత అనకాపల్లి జిల్లాలోకి వస్తే వారాల తరబడి అదే వార్త. మన తాతల కాలంలో అడవిలో దాని పేరు ఎత్తడానికి భయపడి "పెద్దది" అని చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు పేరుంది, జంతువే లేదు.

ఇది మన ఒక్కళ్ల కథ కూడా కాదు. మలయా వైపు పులి మనుషుల కథలున్నాయి. నాగా కొండల్లో ప్రాణం చిరుతలోకి వెళ్తుందన్న నమ్మకాన్ని ఇంగ్లిష్ అధికారులు రాసిపెట్టారు. యూరప్‌లో తోడేలు మనుషులు. 1589లో జర్మనీలో పీటర్ స్టుంప్ అనే రైతును చిత్రహింసలు పెట్టి, తోడేలుగా మారానని ఒప్పించి, జనం ముందు దారుణంగా చంపారు. అక్కడ కోర్టే ఆ కథను నమ్మింది. కాబట్టి నమ్మకం "వెనకబడిన" వాళ్లదే అని ఎవరైనా అంటే ఈ పేరు గుర్తు చేయండి.

2. కొర్ర మల్లయ్య వెదురు తుపాకులు

ఈ కథ మన కొండదొరలది. థర్‌స్టన్ పుస్తకంలో ఉంది. ఊరు కొర్రవానివలస, సాలూరు వైపు. ఈ రోజు పార్వతీపురం మన్యం జిల్లా అంటాం.

1900లో కొర్ర మల్లయ్య అనే ఆయనకు దేవుడు పూనాడన్న మాట వ్యాపించింది. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. నాలుగైదు వేల మంది అక్కడే మకాం వేశారని సర్కారు రికార్డే చెప్తోంది. మొదట్లో ఎవరికీ ఇబ్బంది లేదు. ఏప్రిల్‌లో ఆయన ఒక ప్రకటన చేశాడు. తాను పంచ పాండవుల్లో ఒకడి అవతారం. తన పసిబిడ్డ శ్రీకృష్ణుడు. ఇంగ్లిష్ వాళ్లను వెళ్లగొట్టి తానే ఏలుతాడు. తనవాళ్ల చేతుల్లోని వెదుళ్లు మంత్రంతో తుపాకులవుతాయి, సర్కారు ఆయుధాలు నీళ్లయిపోతాయి.

వెదుళ్లు నరికారు. తుపాకీ ఆకారంలో చెక్కారు. వాటితో కవాతు చేశారు. పాచిపెంట మీద పడతామని కబురు పంపారు. మే 1న సంగతేంటో చూడ్డానికి ఇద్దరు కానిస్టేబుళ్లు వస్తే, వాళ్లను కొట్టి చంపేశారు. ఇది కూడా చెప్పాలి, దాచకూడదు. శవాల కోసం వచ్చిన పోలీసులు దగ్గరికి రాలేక వెనక్కి వెళ్లారు. అప్పుడు జిల్లా మేజిస్ట్రేటు స్వయంగా వచ్చాడు. విశాఖపట్నం, పార్వతీపురం, జయపురం నుంచి రిజర్వు పోలీసుల్ని రప్పించారు. మే 7 తెల్లవారుజామున మకాం మీద పడ్డారు. జనం ఎదురు తిరిగారు. పోలీసులు కాల్చారు. పదకొండు మంది చనిపోయారు. అరవై మంది మీద అల్లర్ల కేసు, మల్లయ్యతో కలిపి ముగ్గురి మీద హత్య కేసు. మల్లయ్య జైల్లోనే చనిపోయాడు. మిగతా ఇద్దరిని ఉరితీశారు. శ్రీకృష్ణుడన్న ఆ పసిబిడ్డ కూడా చనిపోయాడు. దాంతో గొడవంతా తీరిపోయిందన్నట్టు రికార్డు ముగుస్తుంది.

మేం ఈ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాం. ఒక పసివాడి చావును "గొడవ తీరింది" అన్న లెక్కలో రాయగలిగిన చెయ్యి ఎలాంటిదా అని. ఆ పేజీలో నాలుగైదు వేల మంది ఉన్నారు, ఒక్కరి మాటా లేదు. వాళ్లను పిచ్చి భక్తులన్నట్టు ఒక్క మాటతో కొట్టిపారేశారు.

పిచ్చేనా? అదే ఏడు పక్క రాష్ట్రాల వైపు చూడండి. ఛోటానాగపూర్‌లో బిర్సా ముండా. ఆయన దగ్గరికి చేరిన జనం కూడా తెల్లవాళ్ల తూటాలు నీళ్లవుతాయని నమ్మారు. బిర్సాను 1900 ఫిబ్రవరిలో పట్టుకున్నారు, జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయాడు. అంటే మల్లయ్య మకాం మీద కాల్పులు జరిగిన నెల రోజులకు. ఇంకో ఐదేళ్లకు సముద్రం అవతల, ఇప్పటి టాంజానియాలో, జర్మన్ వాళ్లు పత్తి పండించమని జనాన్ని బలవంతం చేస్తుంటే కింజికిటిలే అనే మనిషి లేచాడు. ఆయనిచ్చిన మంత్రజలం ఒంటి మీద ఉంటే తూటాలు నీళ్లయిపోతాయన్నాడు. వాళ్ల భాషలో మజి అంటే నీళ్లు. అందుకే 1905 నుంచి 1907 దాకా జరిగిన ఆ పోరాటానికి మజి మజి అన్న పేరే నిలిచింది. యుద్ధంలో, దాని వెంట వచ్చిన కరువులో పోయినవాళ్ల సంఖ్య 75 వేల నుంచి 3 లక్షల దాకా ఉంటుందని అంచనాలు.

కొర్రవానివలసకు టాంజానియా సంగతి తెలీదు. టాంజానియాకు కొర్రవానివలస తెలీదు. మరి ఒకే కల ఎలా వచ్చింది? మాకు అర్థమైంది ఇది. రెండు చోట్లా పరిస్థితి ఒకటే. ఒకవైపు విల్లు, బల్లెం, వెదురు. ఇంకోవైపు రైఫిల్. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చాక మన్యంలో పోడుకు, కట్టెకు, దుంపకు కూడా ఎవడి అనుమతో కావాల్సి వచ్చింది. ఊరికే ఉండలేరు, ఎదురు నిలబడలేరు. అలాంటప్పుడు మనిషిని తుపాకీ ముందుకు నడిపించాలంటే తుపాకీ కంటే పెద్దది ఏదో కావాలి. తూటా నీళ్లవుతుంది అన్న కథ ఆ పని చేసింది. ధైర్యం ఇచ్చింది, వేల మందిని ఒక్కచోటికి చేర్చింది. కానీ తూటాను ఆపలేకపోయింది. ధైర్యం ఇచ్చిన కథే చావుకు తీసుకెళ్లింది. ఈ రెండు మాటలూ కలిపి చెప్పకపోతే మల్లయ్యకు న్యాయం చేసినట్టు కాదు, చనిపోయిన ఆ పదకొండు మందికీ కాదు.

3. ఇంకో మే 7

మే 7 అనగానే మీకు ఇంకో పేరు తట్టి ఉండాలి. 1924 మే 7, అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిన రోజు. మల్లయ్య మకాం మీద దాడి జరిగి సరిగ్గా ఇరవై నాలుగేళ్లు. తేదీలు కలవడం అనుకోకుండా జరిగిందే, అందులో మర్మం వెతకొద్దు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు పనుల్లో మన వాళ్లతో చేయించిన వెట్టి, గూడెం తహసీల్దారు బాస్టియన్ ఆగడాలు, పోడు మీద ఆంక్షలు, ఇవన్నీ దాని వెనక ఉన్నాయి. రాజుగారి చుట్టూ కూడా కథలు అల్లుకున్నాయి. తూటా తగలదని, ఒకేసారి రెండు చోట్ల కనిపిస్తాడని. పోయాక కూడా, ఆయన పోలేదు, సన్యాసిగా ఎక్కడో ఉన్నాడని చాలా ఏళ్లు చెప్పుకున్నారు.

రాజుగారిని తగ్గించడానికి ఇది చెప్పడం లేదు. ఆయన మీద మాకున్న గౌరవం మీకున్నంతే. కానీ ఒక్క తేడా చూడండి. తూటా తగలదన్న కథ రాజుగారికి చేరితే వీరగాథ అయింది. సినిమాలొచ్చాయి, 2022లో జిల్లాకు పేరొచ్చింది, అదే ఏడు జూలై 4న భీమవరంలో ముప్పై అడుగుల విగ్రహం లేచింది. అదే కథ కొర్ర మల్లయ్యకు చేరితే మతిచలించిన జనం అల్లరి అయింది. కథ ఒకటే, ఎవరి ఒంటి మీద ఉందన్నదే తేడా.

ఇంకోటి. రాజుగారితో కలిసి నడిచిన గాం గంటం దొర ఆ 1924లోనే పోరాటంలో ప్రాణమిచ్చాడు. ఆయన తమ్ముడు గాం మల్లు దొరను పట్టుకుని అండమాన్ పంపారు. ఆయన బతికి వచ్చాడు. 1952లో, దేశంలో మొదటి ఎన్నికల్లో, విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. తుపాకీ పట్టి, అండమాన్ జైలు చూసి, పార్లమెంటులో కూర్చున్న మనిషి. ఇందులో మంత్రం ఒక్కటీ లేదు. మాయ కథ కంటే ఇదే మాకు ఎక్కువ వింతగా అనిపించింది. మనలో ఎంతమందికి ఈ సంగతి స్కూల్లో చెప్పారు?

4. ఆవు పడ్డ బిలం, సముద్రంలో మునిగిన గుడి

బొర్రా గుహల కథ అందరికీ తెలుసు. కొండ మీద మేస్తున్న ఆవు పైన ఉన్న కన్నంలోంచి లోపలికి పడింది. కాపరి వెతుక్కుంటూ వెళ్లి గుహ చూశాడు. లోపల లింగంలాంటి రాయి కనిపించింది, దాని పైన ఆవు బొమ్మలాంటి రాయి. ఆ ఆవు పొదుగు నుంచే గోస్తనీ నది పుట్టిందన్నారు. సున్నపురాతి గుహలో పైనుంచి కారే నీటి చుక్కలో ఉన్న సున్నం వేల ఏళ్ల పాటు గట్టిపడి అలాంటి ఆకారాలు వస్తాయని మనం ఇప్పుడు చదువుకుంటున్నాం. కథ, శాస్త్రం రెండూ ఒకే నీళ్ల గురించి చెప్తున్నాయి.

అయితే ఇంకో కథ కూడా ఉంది, దాన్ని ఎవరూ కథ అనరు. 1807లో భారత భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ ఈ గుహల్ని "కనిపెట్టాడు" అని టూరిజం రాతల్లో, పోటీ పరీక్షల పుస్తకాల్లో చదువుతాం. కోచింగ్‌లో బట్టీ కూడా పడతాం. కానీ ఆ సంస్థ మొదలైందే 1851లో. లేని సంస్థ మనిషి నలభై నాలుగేళ్ల ముందే ఎలా వచ్చాడు? ఇంకా చూస్తే, ఆ లోయలో ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు జరిపిన పరిశోధనల్లో 30 వేల నుంచి 50 వేల ఏళ్ల నాటి రాతి పనిముట్లు దొరికాయి. అన్ని వేల ఏళ్ల నుంచి మనుషులు తిరుగుతున్న చోటును 1807లో ఒకాయన కనిపెట్టడమేంటి? కాపరి కథలో కనీసం కాపరి ఉన్నాడు. పరీక్ష పుస్తకం కథలో అతను కూడా లేడు. పరీక్షలో మాత్రం 1807 అనే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. కానీ మనసులో ఈ లెక్క ఉంచుకోండి.

ఇప్పుడు సిటీ కథ. విశాఖపట్నానికి ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే చాలామంది చెప్పేది ఇదే. ఎప్పుడో ఒక ఆంధ్ర రాజు కాశీ వెళ్తూ ఇక్కడ దిగాడు, చోటు నచ్చి తన ఇలవేల్పు వైశాఖేశ్వరుడికి గుడి కట్టాడు, ఆ గుడిని సముద్రం మింగేసింది. లాసన్స్ బే దక్షిణాన నీళ్ల కింద ఉందంటారు. మేం ఉండే పేట పేరు ద్వారకా నగర్. ద్వారక కూడా సముద్రంలో మునిగిన ఊరేనని పురాణం. మునిగిన ఊరి పేరు పెట్టుకున్న పేటలో, మునిగిన గుడి నుంచి పేరొచ్చిన నగరంలో బతుకుతూ, క్లాసులో ఎవరైనా మనల్ని "మీ దగ్గర మనుషులు పులులవుతారంట కదా" అని అడిగి నవ్వుతారు. అడిగినవాళ్ల మీద మాకు కోపం లేదు. ఒక్కటే చెప్తాం. మీది ఐతిహ్యం, మాది మూఢనమ్మకం అన్న తేడా కథలో లేదు, చెప్పేవాడి కుర్చీలో ఉంది.

5. చిల్లంగి

ఇక్కడిదాకా చదివి, "బాగుంది, మన కథలన్నీ గొప్పవే" అనుకుంటే ఈ పోస్టు రాసి దండగ. ఎందుకంటే మన కథలన్నీ ఒక రకం కాదు.

పులి కథ దగ్గరికి మళ్లీ వెళ్దాం. థర్‌స్టన్ పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది. ఒక కోందు మనిషికి జబ్బు చేసింది. పులి రూపంలో తిరిగే ఇంకో మనిషి తన ప్రాణాన్ని తినేశాడని అతను తేల్చుకున్నాడు. ఇద్దరి మధ్యా తగాదా వచ్చింది. చూశారా, ఇంతదాకా "ఏదో ఒక పులి" అన్న కథ ఇక్కడ "ఫలానా మనిషి" దగ్గరికి వచ్చి ఆగింది. ఆ అడుగు పడిన దగ్గర్నుంచి అది కథ కాదు, నేరారోపణ.

మన ఊళ్లలో ఆ అడుగు పేరు చిల్లంగి. తెలంగాణ వైపు బాణామతి అంటారు, మైదానంలో చేతబడి. పేరేదైనా పని ఒకటే. ఇంట్లో వరసగా ఇద్దరు పోతే, పశువులు చస్తే, పిల్లకు ఫిట్స్ వస్తే, ఎవరో చేశారు అంటారు. ఎవరు? తోడు లేని ముసలామె, భూమి తగాదాలో ఉన్న పాలివాడు, మందులిచ్చే పెద్దాయన. చిల్లంగి అనుమానంతో కొట్టి చంపిన వార్తలు మన్యం నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. దేశం మొత్తం హత్యల కారణాల పట్టికలో నేర గణాంకాల వాళ్లు మంత్రగత్తె అనుమానానికి ఒక వేరే గడి పెట్టాల్సి వచ్చింది. పక్కనున్న ఒడిశా 2013లో దీని కోసమే ప్రత్యేక చట్టం చేసింది.

చనిపోయేది మన వాళ్లు. చంపి జైలుకెళ్లేది మన వాళ్లు. రెండిళ్లు కూలిపోతాయి. ఆ పిల్లలు మనలాగా హాస్టళ్లలోనే తేలతారు.

ఇక్కడ మన చదువు పనికిరాకపోతే ఇంకెక్కడా పనికిరాదు. చిల్లంగి అని చెప్పే లక్షణాల్ని ఒక్కొక్కటే తీసి చూడండి. జ్వరంతో ఉన్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడి, ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి పోవడం: మెదడుకెక్కిన ఫాల్సిపారం మలేరియా అలాగే చేస్తుంది. చచ్చిన పశువు మాంసం కోసినవాళ్లకు, తిన్నవాళ్లకు ఒంటి మీద నల్లటి పుండు లేవడం: ఆంత్రాక్స్. మన ఏజెన్సీలో అది ఎన్నోసార్లు వచ్చింది. ఒకే ఇంట్లో పిల్లలకు మాటిమాటికీ ఎముకలు పగిలేంత నొప్పి, రక్తం తగ్గిపోవడం: సికిల్ సెల్. అది తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది కాబట్టి ఒకే ఇంటిని పట్టి పీడిస్తున్నట్టే కనిపిస్తుంది. ఈ జబ్బు మీద దేశవ్యాప్త కార్యక్రమం 2023 జూలైలో గానీ మొదలు కాలేదు. దగ్గర్లో డాక్టరు లేక, రక్త పరీక్ష లేక, డోలీలో మోసుకెళ్లే దారిలోనే మనిషి పోతే, "ఎందుకు పోయాడు" అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పకపోతే, ఆ ఖాళీలోకి చిల్లంగి వచ్చి కూర్చుంటుంది. నమ్మకం ఒక్కటే దోషి కాదు. జవాబు చెప్పాల్సిన చోట ఎవరూ లేకపోవడం కూడా దోషమే.

కాబట్టి మేం పెట్టుకున్న గీత ఇది. కొండను, పులిని, గుహను, రాయిని గురించి చెప్పే కథ మనది, దాచుకుందాం. బతికున్న ఒక మనిషి వైపు వేలు చూపించే కథను మాత్రం అక్కడికక్కడే ఆపుదాం. మన పెద్దలు చెప్పినా సరే. "తాతా, ముందు రక్త పరీక్ష చేయిద్దాం" అని అడిగే హక్కు మనకుంది. మన మాట ఆశా అక్క మాట కంటే, డాక్టరు మాట కంటే ఇంట్లో ఎక్కువ వింటారు. ఎందుకంటే మనం వాళ్ల పిల్లలం.

6. ఇక మనం చేయాల్సింది

మాక్‌ఫెర్సన్ రాశాడు, థర్‌స్టన్ రాశాడు. మన గురించి మనం రాసుకున్నది ఏది? కథలు తెలిసిన అవ్వలు, తాతలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. కువి, గదబ మాట్లాడే ఇళ్లు తగ్గుతున్నాయి. హాస్టల్లో పెరిగిన మాలో కొందరికే సొంత భాషలో కథ మొదట్నుంచి చివరిదాకా చెప్పడం రాదు.

ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక్కొక్కరం ఒక్క కథ తీసుకొద్దాం. ఫోన్లో రికార్డు చేయండి, ముందు చెప్పేవాళ్లను అడిగి. వాళ్ల భాషలోనే ఉంచండి, కింద తెలుగులో రాయండి. ఏ ఊరు, ఏ తెగ, ఏ పండగప్పుడు చెప్తారు, ఎవరి దగ్గర విన్నామంటున్నారు, ఇవన్నీ రాయండి. మీకు నచ్చలేదని ఏదీ తీసేయకండి, బాగుంటుందని ఏదీ కలపకండి. ఎవరి మీదైనా చిల్లంగి అనుమానం చెప్తే ఆ మనిషి పేరు, ఊరు ఎక్కడా పెట్టకండి. పాచిపెంట, సాలూరు వైపు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కొర్ర మల్లయ్య గురించి మీ ఇళ్లల్లో ఏమైనా చెప్పుకుంటారా అడగండి. పోలీసు రికార్డు వైపు నుంచి ఆ తెల్లవారుజాము మనకు తెలుసు. వెదురు పట్టుకుని నిలబడ్డవాళ్ల వైపు నుంచి ఇంకా వినాల్సి ఉంది.

మంచి కథ దొరికితే ఈ గ్రూపులోనే పెట్టండి. అందరం చదువుతాం.

జై ఆదివాసీ.